75 సెకన్ల ఛేజింగ్: శాక్రమెంటో బైకు కేసులో కోర్టు తేల్చిందేమిటి, తేల్చనిదేమిటి

1990 మే 22, రాత్రి ఎనిమిదిన్నర. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాక్రమెంటో కౌంటీ. ఎక్కడో కొట్లాట జరుగుతోందని కబురొస్తే వెళ్లిన ఇద్దరు షెరీఫ్ డిప్యూటీలు, అంటే కౌంటీ పోలీసులు, పని ముగించుకుని తిరిగి బయల్దేరబోతున్నారు. అంతలో ఒక మోటార్ సైకిల్ వేగంగా వస్తూ కనిపించింది. నడుపుతున్న కుర్రాడికి 18 ఏళ్లు. వెనక కూర్చున్న అబ్బాయికి 16. ఆ కొట్లాటకీ వీళ్లిద్దరికీ ఏ సంబంధమూ లేదు.

ఒక డిప్యూటీ కారు మీది లైట్లు వేసి, ఆగమని కేకేశాడు. బండి మధ్యలో ఇరుక్కుని ఆగిపోతుందని తన కారును రెండో కారుకు దగ్గరగా జరిపాడు. బండి నడిపే కుర్రాడు మాత్రం ఆ రెండు పోలీసు కార్ల సందులోంచి నెమ్మదిగా బండిని బయటికి తీసి, ఒక్కసారిగా వేగం అందుకున్నాడు. రెండో డిప్యూటీ సైరన్ వేసి వెంటపడ్డాడు.

అంతా ఇళ్ల మధ్య రోడ్లు. ఎదురొచ్చే బళ్ల మధ్యకు దూరుతూ, పక్కకు తప్పుకుంటూ బైకు పోయింది. రెండు కార్లు, ఒక సైకిలు రోడ్డు దిగిపోవాల్సి వచ్చింది. చివరికి ఎడమవైపు ఒక్కసారిగా మలుపు తిప్పబోయి బైకు పడిపోయింది. డిప్యూటీ బ్రేకు తొక్కేసరికి నడిపే కుర్రాడు పక్కకు తప్పుకున్నాడు. వెనక కూర్చున్న అబ్బాయి తప్పుకోలేకపోయాడు. పోలీసు కారు గంటకు 40 మైళ్ల వేగంతో జారుకుంటూ వచ్చి ఢీకొంటే, 70 అడుగుల దూరాన పడ్డాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

మొదటి నుంచి చివరి దాకా 75 సెకన్లు. 1.3 మైళ్లు.

చనిపోయిన అబ్బాయి తల్లిదండ్రులు వేసిన దావా ఎనిమిదేళ్ల తర్వాత అమెరికా సుప్రీంకోర్టులో తేలింది. 1998 నాటి ఆ తీర్పే కౌంటీ ఆఫ్ శాక్రమెంటో వర్సెస్ లూయిస్. పోలీసు ఛేజింగ్‌లో ఎవరైనా చనిపోతే అమెరికా కోర్టులు నేటికీ ముందుగా తెరిచేది ఈ తీర్పునే. దీన్ని అపార్థం చేసుకున్నంతగా మరో తీర్పును చేసుకోవడం నేను చూడలేదు. 'వెంటపడటం తప్పు కాదని సుప్రీంకోర్టు చెప్పింది' అంటారు చాలామంది. కోర్టు ఆ మాట అనలేదు.

ఛేజింగ్ వీడియో ఒకటి బయటికి రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. 'ఆగమంటే ఆగొచ్చు కదా' అని ఒకరు. 'స్పీడుగా పోయినందుకే ప్రాణం తీస్తారా' అని ఇంకొకరు. రెంటిలోనూ న్యాయం ఉంది. అయితే అవి వేర్వేరు ప్రశ్నలకు చెప్పే జవాబులు. ఆ ప్రశ్నలను ముందు విడదీసుకుంటే తప్ప ఈ చిక్కు విడదు.

ముందు లెక్క చూద్దాం

తీర్పులో ఉన్న అంకెలను మనకు అలవాటైన కొలతల్లోకి మార్చుకుందాం. 1.3 మైళ్లంటే సుమారు 2.1 కిలోమీటర్లు. 75 సెకన్లలో అంత దూరం పోయారంటే సగటు వేగం గంటకు 100 కిలోమీటర్లు. మలుపులు, ఎదురొచ్చే బళ్లు ఉన్న ఇళ్ల మధ్య రోడ్డు మీద, సగటునే అంత. గరిష్ఠ వేగం గంటకు 100 మైళ్ల దాకా వెళ్లిందని తీర్పు చెబుతోంది, అంటే 160 కిలోమీటర్లు.

ఆ వేగంలో కారు సెకనుకు సుమారు 147 అడుగులు పోతుంది. బైకుకీ పోలీసు కారుకీ మధ్య దూరం ఒక దశలో 100 అడుగులకు తగ్గింది. అంటే ముందున్న బైకు పడిన చోటికి వెనకున్న కారు చేరడానికి పట్టేది సెకనులో మూడింట రెండు వంతులు. మనిషి కంటితో చూసి, ప్రమాదమని గ్రహించి, కాలు బ్రేకు మీద వేయడానికే ఒక సెకను, సెకనున్నర పడుతుంది. బ్రేకు వేశాక కారు ఆగాలి కదా. ఆ వేగంలో ఆ కారు ఆగడానికి 650 అడుగులు కావాలని తీర్పే రాసింది. అంటే దాదాపు 200 మీటర్లు.

సగటు వేగమే తీసుకున్నా 100 అడుగులు దాటడానికి పట్టేది సెకను పైన కాస్త. అంత దగ్గరగా వెంటపడుతున్నప్పుడు ముందు బండి పడితే వెనక కారు ఆగడం అసాధ్యమని ఈ లెక్కే చెబుతోంది. డిప్యూటీ ఎంత నేర్పరి అయినా చేయగలిగింది ఏమీ లేదు. అసలు నిర్ణయం బ్రేకు దగ్గర జరగలేదు, వెంటపడాలా వద్దా, పడితే ఎంత దూరంలో ఉండాలి అన్న చోట జరిగింది.

ఒకే సంఘటనకు మూడు తూకాలు

ఇలాంటి మరణం జరిగినప్పుడు చట్టం మూడు చోట్ల మూడు రకాలుగా తూస్తుంది.

మొదటిది నేరం. ఇక్కడ బోనులో నిలబడేది పారిపోయినవాడు. కాలిఫోర్నియాలో మామూలు ఓవర్‌స్పీడుకు జరిమానాతో పోతుంది, జైలు ఉండదు. కానీ వెనక పోలీసు లైట్లు, సైరన్ చూసి కూడా కావాలని పారిపోతే వెహికల్ కోడ్ 2800.1 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. ఆ పారిపోవడంలో మనుషుల ప్రాణాల మీద, ఆస్తుల మీద లెక్కలేకుండా నడిపితే 2800.2 కింద దాన్ని పెద్ద నేరంగానే పెట్టవచ్చు. ఎవరికైనా తీవ్రమైన గాయమో మరణమో సంభవిస్తే 2800.3. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు ఈ తేడా తెలియాలి. టికెట్టుతో పోయేది, భయంతో యాక్సిలరేటర్ తిప్పిన మరుక్షణం క్రిమినల్ రికార్డు అవుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ రికార్డు ఎంత దూరం వెంటాడుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది పరిహారం. పోలీసుల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగింది కాబట్టి డబ్బు చెల్లించాలని రాష్ట్ర చట్టం కింద అడగడం. దీని సంగతి కాసేపట్లో.

మూడోది రాజ్యాంగం. ప్రభుత్వ అధికారి రాజ్యాంగ హక్కును హరించాడని ఫెడరల్ కోర్టుకు వెళ్లడం. 1871 నాటి ఒక చట్టం ఇందుకు దారి ఇస్తుంది. ఇప్పుడు దాన్ని సెక్షన్ 1983 అంటారు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారిపై దాడులు జరుగుతుంటే స్థానిక అధికారులు చూస్తూ ఊరుకున్న రోజుల్లో వచ్చిన చట్టం అది. లూయిస్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఈ మూడో దారిలోనే.

కోర్టు జవాబిచ్చిన ప్రశ్న కూడా ఈ మూడోదే: డిప్యూటీ రాజ్యాంగాన్ని ఉల్లంఘించాడా? అతను వెంటపడి ఉండాల్సిందా, అది తెలివైన పనేనా అన్న ప్రశ్నకు కోర్టు జవాబివ్వలేదు.

నిర్లక్ష్యం, లెక్కలేనితనం, దురుద్దేశం

తీర్పు అంతా ఈ మూడు మాటల మధ్య తిరుగుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి ముందు కారును రివర్స్ తీస్తున్నారు. అద్దంలో చూసుకోలేదు, వెనక ఆడుకుంటున్న పిల్లాడికి తగిలింది. అది నిర్లక్ష్యం. పిల్లలు ఆడుకుంటున్నారని తెలుసు, అయినా 'వాళ్లే తప్పుకుంటారులే' అని గట్టిగా తొక్కారు. అది లెక్కలేనితనం, అంటే ప్రమాదం తెలిసి కూడా పట్టించుకోకపోవడం. 'రోజూ బంతి మన కారుకే కొడుతున్నారు, ఇవాళ వీళ్ల పని పట్టాలి' అని వెనక్కి పోనిచ్చారు. అది దురుద్దేశం.

పిల్లాడికి తగిలిన దెబ్బ మూడింటిలోనూ ఒక్కటే. తొక్కినవాడి మనసులో ఏముందన్నదే తేడా.

లూయిస్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రెండో మెట్టు దగ్గర గీత గీసింది. ఒక ప్రాణానికి ఉన్న ముప్పును లెక్కచేయకుండా వెంటపడితే చాలు, రాజ్యాంగ ఉల్లంఘనే అంది. సుప్రీంకోర్టు ఆ గీతను మూడో మెట్టుకు జరిపింది. అరెస్టు చేయాలన్న ఉద్దేశంతో సంబంధం లేకుండా, హాని చేయడమే ఉద్దేశంగా వెంటపడితేనే రాజ్యాంగ ఉల్లంఘన అవుతుందని జస్టిస్ సౌటర్ రాశారు. అధికారి చేసిన పని చూస్తే మనస్సాక్షి ఉలిక్కిపడాలి, ఛేజింగ్‌లో ఆ స్థాయికి చేరేది అలాంటి ఉద్దేశం మాత్రమే అన్నది ఆయన తర్కం. తొమ్మిది మంది జడ్జీలూ డిప్యూటీకి అనుకూలంగానే తేల్చారు, కారణాల్లో మాత్రం అందరిదీ ఒకే మాట కాదు. మనస్సాక్షి ఉలిక్కిపడటమన్న కొలత జడ్జి జడ్జికీ మారుతుందని జస్టిస్ స్కాలియా గట్టిగా విమర్శిస్తూ విడిగా రాశారు.

గీత అంత పైన ఎందుకు గీశారు?

ఇక్కడ కోర్టు వాడిన పోలిక ఆసక్తికరమైనది. జైల్లో ఖైదీకి జబ్బు చేసింది, వైద్యం అందించలేదు. అప్పుడు అధికారి పట్టనట్టు ఉన్నాడని నిరూపిస్తే చాలని 1976లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే అక్కడ ఆలోచించుకోవడానికి రోజులు, వారాలు ఉంటాయి. అదే జైల్లో తిరుగుబాటు లేచి, అణచడంలో ఖైదీకి తూటా తగిలితే, పట్టనితనం చాలదు, కావాలని హింసించే ఉద్దేశం ఉండాలని 1986లో మరో కేసులో చెప్పింది. అక్కడ ఆలోచించే వ్యవధి లేదు. రెండు వైపులా ప్రాణాలు పణంగా ఉన్నాయి.

రోడ్డు మీద ఛేజింగ్ ఆ జైలు తిరుగుబాటు లాంటిది అన్నారు సౌటర్. పట్టుకోకపోతే చట్టమంటే భయం పోతుంది, పట్టుకోబోతే దారిన పోయేవాళ్లకు ప్రమాదం, ఈ రెంటి మధ్య క్షణాల్లో తేల్చుకోవాలి.

ఈ పోలికను ఒప్పుకోవడం నాకు పూర్తిగా సాధ్యం కావడం లేదు. మొదటి అయిదు సెకన్లకు అది నిజం. 75 సెకన్లకూ నిజమేనా? ఆ వ్యవధిలో రేడియోలో ఒక మాట చెప్పవచ్చు, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త వదలవచ్చు. పైగా ఆ షెరీఫ్ శాఖకు అప్పటికే రాతపూర్వకమైన ఛేజింగ్ విధానం ఉంది. వెంటపడుతున్నట్టు కంట్రోల్ సెంటర్‌కు చెప్పాలి. నేరం అంత వేగానికి తగినంత పెద్దదా అని చూడాలి. ప్రాణాలకు, ఆస్తులకు ముప్పు మితిమీరుతోందా అని తూచుకోవాలి. పట్టుకోవడం వల్ల కలిగే లాభం కంటే ముప్పు ఎక్కువైతే ఆపేయాలి. డిప్యూటీ కంట్రోల్ సెంటర్‌కు చెప్పలేదని ప్రతివాదులే ఒప్పుకున్నారు. ఆగమంటే ఆగకపోవడం తప్ప ఆ ఇద్దరి మీదా వేరే నేరమేదీ కనబడదని అప్పీలు కోర్టు ఎత్తిచూపింది. సెకన్లలో తేల్చుకోలేరనే కదా ముందుగానే కూర్చుని విధానం రాసిపెట్టుకునేది.

అవతలి వాదనలోనూ బరువుంది. జస్టిస్ కెన్నెడీ దాన్ని విడిగా రాశారు. పోలీసు ఆగమంటే ఆగకుండా పారిపోయి, తర్వాత దెబ్బ తగిలిందని దావా వేయవచ్చన్న సంకేతం వెళితే, పారిపోయేవాళ్లు పెరుగుతారు, ఇలాంటి ప్రమాదాలే ఇంకా జరుగుతాయి అన్నది ఆయన భయం. అది ఊరికే కొట్టిపారేసే భయం కాదు. కాకపోతే ఈ కేసులో దావా వేసింది పారిపోయినవాడి తరఫున కాదు. బండి మీద వెనక కూర్చున్నవాడి చేతిలో హ్యాండిలూ ఉండదు, బ్రేకూ ఉండదు. స్నేహితుడి వెనక కూర్చుని, వాడు సిగ్నల్ దాటేస్తుంటే భుజం గట్టిగా పట్టుకుని 'ఒరేయ్ ఆపరా' అన్నవాళ్లకు తెలుసు, ఆ భుజం తప్ప వేరే ఆధారం ఉండదని.

తెలిసి గుద్దితే ఒక కొలత, పొరపాటున తగిలితే మరొకటి

ఈ చట్టంలో అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఇదే.

అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ పౌరులను అకారణంగా పట్టుకోవడాన్ని, సోదా చేయడాన్ని నిషేధిస్తుంది. దాని కింద కొలత 'ఆ పరిస్థితిలో అది సమంజసమేనా' అన్నది. దురుద్దేశం నిరూపించనక్కర్లేదు. అంటే పౌరుడికి చాలా అనుకూలమైన కొలత. కానీ అది వర్తించాలంటే ముందు 'పట్టుకోవడం' జరగాలి. వెంటపడినంత మాత్రాన పట్టుకున్నట్టు కాదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1989లో, ఇన్యో కౌంటీ కేసులో ఆ మాటకు నిర్వచనం ఇచ్చింది: ఎంచుకున్న సాధనంతో, కావాలని మనిషి కదలికను ఆపడం. ఆ కేసులో దొంగకారుతో పారిపోతున్నవాణ్ని ఆపడానికి, మలుపు చాటున రోడ్డుకు అడ్డంగా పెద్ద ట్రక్కు నిలబెట్టి, అతని కళ్లకు కొట్టేలా పోలీసు కారు హెడ్‌లైట్లు పెట్టారన్నది ఆరోపణ. అతను ట్రక్కును గుద్దుకుని చనిపోయాడు. అది పట్టుకోవడమే అన్నది కోర్టు. అదే తీర్పులో మరో ఊహ కూడా ఉంది. ఆపి ఉంచిన పోలీసు కారు బ్రేకు జారి ఒక మనిషిని గోడకు నొక్కేసింది, చూస్తే అతను పోలీసులు వెతుకుతున్నవాడే. అయినా అది పట్టుకోవడం కాదు, ఎందుకంటే కావాలని చేసింది కాదు.

ఇప్పుడు దీన్ని బైకుకు వర్తింపజేయండి. డిప్యూటీ తన కారుతో బైకును కావాలని తోసి పడేసి ఉంటే నాలుగో సవరణ వచ్చేది, ఆ పని సమంజసమా కాదా అని కోర్టు తూచేది. లూయిస్ కేసులో కారు ఆగక తగిలింది కాబట్టి అది 'పట్టుకోవడం' కాలేదు. నాలుగో సవరణ పక్కకు పోయింది. మిగిలింది చట్టబద్ధ ప్రక్రియ లేకుండా ప్రాణం తీయరాదన్న 14వ సవరణ. దాని కింద దురుద్దేశం చూపాలి. ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

తెలిసి తోసినా పోలీసులదే తప్పవుతుందని కాదు. జార్జియాలో 2001లో 55 మైళ్ల పరిమితి ఉన్నచోట 73 మైళ్ల వేగంతో పోతున్న కారును వెంటాడి, వెనకనుంచి బంపర్‌తో తోశారు. నడిపిన 19 ఏళ్ల కుర్రాడికి మెడ కింద శరీరమంతా చచ్చుబడింది. 2007లో స్కాట్ వర్సెస్ హారిస్ కేసులో సుప్రీంకోర్టు ఛేజింగ్ వీడియో చూసి, దారిన పోయేవాళ్ల ప్రాణాలు కాపాడటానికి ఆ పని సమంజసమే అంది. ఎనిమిది మంది ఒకవైపు, జస్టిస్ స్టీవెన్స్ ఒక్కరు మరోవైపు. ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నది ఎవరన్న ప్రశ్నకు ఆ తీర్పు చాలా విలువిచ్చింది. ఆ కారులో వెనక సీట్లో ఒక స్నేహితుడు కూర్చుని ఉంటే తూకం ఎలా ఉండేదో ఆలోచించండి. 2014 నాటి ప్లంహాఫ్ కేసులో అలాంటి ప్రశ్నే వచ్చింది. పోలీసు కాల్పుల్లో ముగిసిన ఆ ఛేజింగ్‌లో నడిపినవాడూ, పక్కన కూర్చున్న మహిళా ఇద్దరూ చనిపోయారు. పక్కన మనిషి ఉన్నంత మాత్రాన నడిపేవాడి హక్కులేమీ పెరగవని కోర్టు చెప్పింది. ప్రయాణికురాలి సొంత హక్కు సంగతి ఆ కేసులో తేల్చలేదు.

బైకు విషయంలో ఇంకో తేడా ఉంది. బంపర్‌తో తోస్తే కారు అడ్డం తిరిగి ఆగవచ్చు, ముళ్లపట్టీ వేస్తే టైర్లలో గాలి దిగి నెమ్మదించవచ్చు. బైకు అయితే పడిపోతుంది. అందుకే చాలా పోలీసు శాఖలు బైకుల మీద ఈ రెండూ వాడొద్దంటాయి, లేదా తుపాకీ పేల్చడంతో సమానంగా చూస్తాయి. అంటే బైకు వెంటపడ్డ పోలీసుకు దాన్ని ఆపే సాధనం దాదాపు ఏదీ ఉండదు. అవతలివాడు తనంతట తాను ఆగాలి, లేదా తప్పించుకోవాలి, లేదా పడాలి.

మరి పరిహారం?

లూయిస్ తీర్పు చదివినవాళ్లు 'రాజ్యాంగం కుదరకపోతే మామూలు పరిహారం దావా ఉందిగా' అనుకుంటారు. తీర్పు కూడా ఆ దారిని రాష్ట్రాలకే వదిలింది. కానీ కాలిఫోర్నియాలో ఆ దారికి గేటు ఉంది. ఛేజింగ్‌లో ఉన్న అధికారికి వ్యక్తిగతంగా ఎలాగూ రక్షణ ఉంది. వెహికల్ కోడ్ 17004.7 ప్రకారం, ఛేజింగ్ విధానం రాసుకున్న పోలీసు శాఖకు కూడా, పారిపోయే బండి చేసిన నష్టం విషయంలో రక్షణ దొరుకుతుంది. ఆ రోజు విధానాన్ని పాటించారా లేదా అన్నది కాదు, విధానం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

కాగితం మీద విధానం ఉంటే చాలా అని విమర్శలు రావడంతో శాసనసభ చట్టాన్ని సవరించింది. 2007 నుంచి విధానం రాసుకోవడంతో పాటు సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి, చదివామని వాళ్ల చేత సంతకాలు తీసుకోవాలి. 2018లో గార్డెనా నగరం కేసు వచ్చింది. అక్కడా చనిపోయింది పారిపోతున్న ట్రక్కులో ప్రయాణికుడే. సిబ్బందిలో ప్రతి ఒక్కరి సంతకమూ ఉండాల్సిందేనా? అక్కర్లేదు, శాఖ ఆ నిబంధన పెట్టి ఉంటే చాలు, ఒకరిద్దరు సంతకం చేయకపోయినా రక్షణ పోదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

అన్ని చోట్లా తలుపు ఇంతగా మూసుకుపోలేదు. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో 2018లో, తనను పిలవకపోయినా ఒక మామూలు ట్రాఫిక్ తనిఖీకి బయల్దేరిన పోలీసు అధికారి గంటకు 98 మైళ్ల దాకా వెళ్లి, ఎర్ర సిగ్నల్ దాటి ఒక మహిళను గుద్ది చంపాడు. ఆమె కుటుంబం దావా ముందుకు సాగవచ్చని 2021లో ఏడో సర్క్యూట్ చెప్పింది. అక్కడ అత్యవసరం లేదు, ఆలోచించుకునే వ్యవధి ఉంది, కాబట్టి లెక్కలేనితనం చాలు. లూయిస్ తీర్పులోని తర్కమే ఇది, అటు వైపు నుంచి చూస్తే.

వదిలేస్తే ఏమవుతుంది?

దీనికి జవాబు వాషింగ్టన్ రాష్ట్రం మూడేళ్లలో మూడు రకాలుగా చెప్పింది. 2021లో హింసాత్మక నేరాలకు బలమైన ఆధారం ఉంటే, తాగి నడుపుతున్నాడన్న సహేతుకమైన అనుమానం ఉంటే తప్ప దాదాపుగా వెంటపడకూడదని చట్టం చేశారు. పోలీసులు చూస్తుండగానే బళ్లు వెళ్లిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2023లో కొన్ని నేరాలకు అనుమానం చాలని సడలించారు. 2024లో ప్రజలు సంతకాలు సేకరించి ముందుకు తెచ్చిన ప్రతిపాదనను శాసనసభ ఆమోదించి, ఏ చట్ట ఉల్లంఘనకైనా సహేతుకమైన అనుమానం ఉంటే చాలని మార్చింది. అవతలివాడి వల్ల ఇతరులకు ముప్పు ఉండాలి, వెంటపడటంలోని ప్రమాదం కంటే వదిలేయడంలోని ప్రమాదం ఎక్కువగా ఉండాలి అన్న షరతులు మాత్రం మిగిలాయి. ఇదే సమయంలో, 2023లో, పోలీసు ఉన్నతాధికారుల పరిశోధన సంస్థ పెర్ఫ్ అందుకు వ్యతిరేక దిశలో సలహా ఇచ్చింది: హింసాత్మక నేరం జరిగి, ఇంకొకటి జరిగే ముప్పు వెంటనే ఉంటేనే వెంటపడండి అని. పోలీసుల్లోనే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదన్నమాట.

వదిలేసినా బైకు దొరుకుతుందా? కారు కంటే కష్టం. నంబర్ ప్లేటు చిన్నది, హెల్మెట్‌లో ముఖం కనబడదు. అయినా దొరికిన ఒక ఉదంతం సుప్రీంకోర్టు రికార్డుల్లోనే ఉంది. వర్జీనియాలోని ఆల్బెమార్ల్ కౌంటీలో నారింజ, నలుపు రంగుల్లో, ఫ్రేము సాగదీసిన ఒక బైకు రెండుసార్లు పోలీసుల నుంచి తప్పించుకుంది. రెండోసారి వేగపరిమితికి చాలా పైన పోతూ కనిపించింది. ఇద్దరు అధికారులు తమ నోట్సు పోల్చుకుంటే రెండూ ఒకే బండి అని తేలింది. ఆరా తీస్తే అది దొంగ బండి కావచ్చని తెలిసింది. అనుమానితుడి ఫేస్‌బుక్ ఫొటోల్లో అదే బైకు ఒక ఇంటి ముందు కనబడింది. ఇల్లు పట్టుకుని వెళితే తెల్ల టార్పాలిన్ కింద బండి ఉంది.

అక్కడి దాకా ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. ఆ తర్వాత ఆ ఇద్దరిలో ఒక అధికారి వారంటు లేకుండా ఇంటి ఆవరణలోకి నడిచి టార్పాలిన్ ఎత్తి చూశాడు. అది చెల్లదని 2018లో సుప్రీంకోర్టు 8-1తో తీర్పిచ్చింది. వాహనం సోదాకు వారంటు అక్కర్లేదన్న మినహాయింపు ఇంటి ఆవరణ దాకా రాదని జస్టిస్ సోటోమేయర్ రాశారు.

ఇదే మన దగ్గర జరిగితే

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్పీడుగా పోయిన బైకు ఫొటో కెమెరాకు చిక్కితే ఇంటికి చలాన్ వస్తుంది. వెంటపడనక్కర్లేని పద్ధతి అది. అయినా తనిఖీ దగ్గర తప్పించుకున్న బండి వెంట పోలీసు వాహనం పడి, వెనక కూర్చున్నవాడు చనిపోయాడనుకుందాం.

అతని కుటుంబం మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ దురుద్దేశం చూపనక్కర్లేదు, నిర్లక్ష్యం చూపితే చాలు. ప్రభుత్వ వాహనం కాబట్టి మినహాయింపు అనడం కూడా తేలిక కాదు. ఉదయపూర్ కలెక్టర్ జీపు రిపేరు నుంచి తిరిగొస్తూ ఒక మనిషిని చంపిన కేసులో రాష్ట్ర ప్రభుత్వమే బాధ్యురాలని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లలోపే మీరట్ బంగారం కేసులో, పోలీసు అధికారం వాడుతుండగా జరిగిన నష్టానికి సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వాన్ని వదిలేసింది. ఆ రక్షణను గట్టిగా కుదించిన 1994 నాటి తీర్పు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే. స్వాధీనం చేసుకున్న ఎరువులను పాడుచేసి తిరిగి ఇవ్వబోయిన అధికారుల మీద ఒక వ్యాపారి, నాగేంద్రరావు, వేసిన దావా అది.

ఇద్దరి తప్పు కలిసి మూడోవాడికి నష్టం జరిగితే అతను ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యెయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బైకు నడిపినవాడి తప్పు పేరుతో వెనక కూర్చున్నవాడి పరిహారానికి కోత పెట్టడం ఆ సూత్రానికి కుదరదు. శాక్రమెంటోలో ఆ తల్లిదండ్రులు డిప్యూటీ మనసులో ఏముందో నిరూపించాల్సి వచ్చింది. ఇక్కడైతే ట్రిబ్యునల్ ముందు పెట్టాల్సింది ఆ రెండు బళ్ల మధ్య ఎన్ని అడుగుల దూరం ఉంది, కారు ఆగడానికి ఎన్ని అడుగులు కావాలి అన్న లెక్క.